అవ్వ అలికిన కారు

మొన్న ఎండకాలం మా గంగారాం మామ కాలం చేసిండు. నన్ను కన్న అవ్వకు ఒక్కగానొక్క తమ్ముడు. దినాలకు కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాటి వాళ్ల ఊరికి పోయిన. అన్నాలు తిన్నంక ఇంట్ల మంది ఎక్కువై ఉక్కపోస్తుంటే, మామ కొడుకు శ్రీను నా పక్కకు వచ్చి, "వదినా, జర చేను దాక పోదామా? నీకొకటి చూపెట్టాలె" అన్నడు. నా కారుల గెట్టు దాక పోయినం. పత్తికట్టె పీకేసిన నల్లరేగడి నెర్రెలు వారి ఉన్నది. బోరు మోటరు మీద ఒక పసుపు పచ్చని గుల్ల బోర్లించి ఉన్నది. రంగు వెలిసింది, అంచులు పెచ్చులు లేచినయి, మీద పిట్టలు రెట్టలు వేసినయి. "గుర్తు పట్టినవా?" అని అడిగిండు శ్రీను. కర్ర ఆనించుకొని వంగి, దాని మీద అరచెయ్యి పెట్టిన. ఎండకు కాలుతున్నది. ఎడమ దిక్కు నొసలు కాడ చిన్న గుంట చేతికి తగిలింది. ఆ గుంటను పూసి, రుద్ది, మళ్ల పూసి, చివరికి ఇగ పోనీ అని ఇడిసిపెట్టింది నేనే. అది ఒకప్పుడు నా కారుకు ముందటి మొకం. మందమర్రి కాలనీల మా ఇంటెనుక, ఆ పని ఓనమాలు తెల్వకుండ మొదలువెట్టి, నా చేతులతోని చేసుకున్న కారు. బాపు రిటైరై క్వార్టర్ ఖాళీ చేసిన నాడు మామ దాన్ని లారీల వేసుకపోయిండు. ఎక్కడనో పారేసిండనుకున్న. ఇన్నేండ్లు మోటరుకు గొడుగు చేసి ఉంచిండు.

నాకు బుద్ధి తెల్వకముందే పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడ్డది. నడుస్త, కాని కర్ర పట్టుకొని, గోడ పట్టుకొని. దూరం పోలేను. అందుకే నా చిన్నతనమంత బాపు సైకిల్ ఎనుక సీటు మీదనే గడిచింది. బడికి, కాలేజీకి, దవాఖానకు, చుట్టాలిండ్లకు, ఎక్కడికి పోయినా నా కండ్ల ముందర బాపు వీపే. ఆ వీపుకు ఒక వాసన ఉండేది. బొగ్గు దుమ్ము, గ్రీసు, అవ్వ బట్టలుతికిన సబ్బు, మూడు కలిసిన వాసన. బాపు గని వర్క్‌షాపుల ఫిట్టరు. డ్యూటీ దిగి వచ్చే యాళ్లకు అవ్వ వాకిట్ల బొగ్గుల పొయ్యి మీద నీళ్లు కాగబెట్టి ఉంచేది. కాలనీల అందరి వాకిండ్లల్ల అదే పొగ, అదే యాళ్ల. బాపు బండ మీద కూసొని, ముందుగాల చేతులకు రంపపు పొట్టు రుద్దుకొని, అటెనుక సబ్బు పెట్టుకునేటోడు. ఎంత కడిగినా గోర్ల సందుల నలుపు పోకపోయేది. తానం అయినంక చాయ్ సాసర్ల పోసుకొని తాగేటప్పుడు ఎవ్వరూ పలకరించొద్దు. ఆ చాయ్ అయిపోయినంకనే మా ఇంట్ల మాటలు మొదలయ్యేటివి. నా డిగ్రీ అయిపోయే నాటికి బాపుకు దమ్ము పట్టుకున్నది. రైలుగేటు కాడ తొవ్వ ఎక్కుడుంటది. అక్కడ ఆయన సైకిల్ దిగి, నన్ను మాత్రం దిగనియ్యకుండ, నెట్టుకుంట నడిచేటోడు. ఆయన ఊపిరి గుర్రుగుర్రుమనుడు నాకు ఇనవడేది. "దిగుత బాపూ" అంటే, "కూసో బిడ్డా, నువ్వేం బరువున్నవ్" అనేటోడు. ఆ మాట అనేతందుకే ఆయనకు సగం దమ్ము ఖర్సయ్యేది.

పట్టాలవతల కొత్తగ తెరిచిన బడిల నాకు టీచరు కొలువు దొరికింది. పెద్ద టీచరమ్మ మంచి మనిషే. నా కాలు చూసి మొకం చిట్లించలే. కాని ఒక మాట కచ్చితంగ చెప్పింది. "మీ నాయినది షిఫ్టు డ్యూటీ కదమ్మా, వారం వారం మారుతది. ఆయనకు వీలైన నాడు వచ్చి, వీలుకాని నాడు రాకపోతే పిల్లలు ఏం కావాలె? ఎండకాలం సెలవులైపోయి బడి తెరిచేలోపల నీ అంతట నువ్వు వచ్చే తొవ్వ చూసుకో. అప్పటిదాక నీ జాగ నీకే ఉంచుత." బాపు అక్కడ తల ఊపిండు గని, ఇంటికొచ్చేదాక ఆ ముచ్చట ఎత్తలే. అంతకుముందు వానకాలమే పక్కచక్రాల స్కూటరు ఒకటి తెచ్చి నాకు నేర్పిచ్చిండు. వానల బురదకు జారి కర్ర ఒక దిక్కు, నేను ఒక దిక్కు పడ్డ. తడిసిన దానికి జ్వరమొచ్చి మంచం పట్టిన. అవ్వ ఆ బండిని మళ్ల వాకిట్లకు రానియ్యలే. గందుకే ఆ సాయంత్రం చాయ్ అయిపోయినంక బాపు నోరు తెరిచి ఏం చెప్తడా అని ఇద్దరం చూస్తున్నం.

"కారు చేస్త" అన్నడు.

"ఏం చేస్తవు?" అన్నది అవ్వ.

"కారు. నాలుగు చక్రాలది. మీద కప్పున్నది. వాన పడ్డా పిల్ల తడువద్దు."

అవ్వ నా దిక్కు తిరిగి, "సరోజా, మీ బాపు నొసలు మీద చెయ్యి వెట్టి చూడే, జ్వరం గిట్ట ఉన్నదేమో" అన్నది.

జ్వరం లేదు. బాపు అన్నడంటే చేసుడే. పాత ఆటో ఇంజను ఒకటి పట్టుకొచ్చిండు. ఆటోకు క్లచ్చు, గేరు, అన్ని చేతికే ఉంటయి, కాలుతోని తొక్కేది బ్రేకు ఒక్కటే. ఆ బ్రేకును గూడ చేతికి మార్చిండు. ఆటోకు ముందర ఒక్కటే చక్రం, ఒరిగితే నేను కాలు ఆనియ్యలేనని, ముందర గూడ రెండు చక్రాలు పెట్టిండు. ఇంటెనుక జామచెట్టు కింద పైపులు వంచి, వెల్డింగ్ చేసి, కొన్ని నెలల్ల ఎముకల గూడు లెక్క కారు బొక్కలన్ని నిలవెట్టిండు. నడిచింది గూడ. కాని మీద కప్పే కుదరలే. ఇనుప రేకు వేస్తే ఆ చిన్న ఇంజను లాగదు. తార్పాలిన్ కడితే గాలికి కొట్టుకుంటది. బాపు ఆ బొక్కల మధ్యల కూసొని బీడీ లేని చేతిని బీడీ ఉన్నట్టే పెదవుల కాడ పెట్టుకొని ఆలోచన చేసేటోడు. దమ్ము వచ్చినంక డాక్టరు బీడీ మాన్పిచ్చిండు.

అగో, గప్పుడే గంగారాం మామ సెలవు మీద వచ్చిండు. గల్ఫుల పడవలు చేసే కార్ఖానల ఆయన పని. మామ వచ్చిండంటే ఇల్లంత అత్తరు, పౌడరు, కొత్త సబ్బుల వాసన. పెట్టె దించకముందే ఇంటెనుకకు పోయి, బాపు చేసిన దాని చుట్టు తిరిగి చూసి నవ్విండు. "బావా, రేకు ఎందుకు? మేం అక్కడ గాజునారతోని పడవలే చేస్తం. నీళ్లల్ల తేలేది రోడ్డు మీద ఉరకదా?" అన్నడు. బాపు, "చేసెటోళ్లు ఎవరు? నువ్వు మళ్ల పోవాలె గదా" అన్నడు. "నా కోడలు చేస్తది. కాలుతోని ఏం పని, చేతులుండాలె గంతే. నేను నేర్పుత, బరోబర్ చేస్తది" అన్నడు మామ. నన్ను అడుగనే లేదు.

హైదరాబాద్ పోయి సామాను తెచ్చిండు. గాజునార అంటే తెల్లటి చాప లెక్క, దూది పరిచినట్టు ఉంటది. రెజిన్ అంటే తేనె లెక్క చిక్కటి జిగట. నారను పరిచి దాని మీద రెజిన్ పూస్తే, అండ్ల కలిపిన మందుకు అది గట్టివడి బండ లెక్క అయితది. చెప్తే గింతే. మామ రెజిన్ డబ్బ మూత తీసిన నాడు ఆ వాసన ఇల్లంత కొట్టింది. ఘాటుగ, తియ్యగ, ముక్కులకు ఎక్కి నెత్తిల కూసునే వాసన. అన్నంల గూడ అదే వచ్చింది. బాపుకు దగ్గు లేచింది. లేచింది లేచినట్టే ఆగలే. గోడకు ఆనుకొని, కండ్లల్ల నీళ్లు తిరిగేదాక దగ్గిండు. అవ్వ మంచినీళ్లు తాగిపిచ్చి, వీపు రుద్ది, ఆయన నెమ్మదించినంక చెప్పింది. "నువ్వు మళ్ల ఆ డబ్బ దగ్గరికొస్తే నేను నా తమ్మునితోని పుట్టింటికి పోత." ఆనాటి సంది బాపు జామచెట్టు అవతల, మేం ఇవతల. ఇనుము పని ఆయనది, ఫైబరు పని నాది.

"ముందుగాల చిన్నది చెయ్యాలె కోడలా" అని మామ వంటింట్లకు పోయి అవ్వ అన్నం వండే గంజును ఎత్తుకొచ్చిండు. అవ్వ నల్లా కాడికి పోయిన యాళ్ల అది. గంజు బోర్లించి, దాని మీద నార పరిచి రెజిన్ పూయమన్నడు. "బ్రష్షు ఈడ్వద్దు, పొడువాలె. ఈడిస్తే నార లేస్తది. లోపల గాలి బుడగ ఉండొద్దు, ఉన్న కాడనే రేపు పగుల్తది." నేను పొడిచిన. తెల్లటి నార రెజిన్ తాగి, మెల్లగ కనవడకుండ అయి, గంజు మెరుపు కిందికెళ్లి కనిపించుడు మొదలైంది. నా కండ్ల ముందర బట్ట గాజైంది. సంబరమంత అదే. కాని ఇద్దరం ముచ్చట్లల్ల పడి, గంజుకు ముందుగాల మైనం పాలిష్ రుద్దాలెనన్న మాటే మరిచినం. ఎండినంక గుల్ల ఊడి రాలే. మామ చెక్కతోని కొట్టిండు, నేను గోర్లతోని పీకిన. అవ్వ బిందెతోని వచ్చి చూసింది.

"తమ్మీ, అది నా గంజేనా?"

"నీదే అక్కా. జర పట్టుకున్నది గంతే."

"ఇప్పుడు అన్నం దేంట్ల వండాలె? మీ పడవల్లనా?"

ఆ పూట పక్కింటి గిన్నె తెచ్చి వండింది. మామ మీద కోపం మొకంల ఉన్నది గని, ఆయన పళ్లెంల నెయ్యి రెండోసారి ఆమెనే పోసింది. ఆ గంజు ఊడి రాలే, అట్లనే కోళ్లకు నూకలు పోసే తొట్టి అయింది. మైనం మాత్రం నేను జన్మల మరువలే.

మామ సెలవు అయిపోయేలోపల నేను రాసుకోవాల్సిన పాఠమంత నాకు నోటితోనే చెప్పిండు. రెజిన్‌ల కలిపేవి రెండు మందులు, ఒకటి ఊదా రంగుది, ఒకటి నీళ్ల లెక్కటిది. "ఈ రెండు ఒకదాంట్ల ఒకటి నేరుగ పోయద్దు కోడలా, భగ్గుమంటది. ఊదాది రెజిన్‌ల మంచిగ కలిసినంకనే రెండోది." పొద్దుగాల చల్లని పూట చెయ్యాలె. మొకానికి బట్ట కట్టుకోవాలె. గాజునార ముండ్లు చేతులకు కుచ్చుకొని దురద పెడితే గోకద్దు, పౌడరు రాసుకొని చన్నీళ్లతోని కడగాలె. మామ తెచ్చిన సువాసన పౌడరు డబ్బలన్నీ గిట్లనే నా మోచేతులకు ఖర్సయినయి. ఏర్‌పోర్టుకు పోయేతందుకు బస్సెక్కే ముందర, "పరేషాన్ గాకు. ఖరాబైతే మళ్ల చేస్తవు, అది మట్టి పనే" అన్నడు. అప్పటికి కారు మొకానికి అచ్చు గూడ మొదలుకాలే.

అచ్చు అంటే, కారు ఏ తీరు ఉండాలెనో గా తీరు ఒక బొమ్మ నిలవెట్టి, దాని మీద నార పరువాలె. బాపు సన్నటి సీకులు వంచి వంపులు కట్టిండు. వాటి మీద తడక, తడక మీద గోనెసంచులు, వాటి మీద పొట్టు కలిపిన ఎర్రమట్టి. నేను చిన్న పీట మీద కూసొని చుట్టు జరుగుకుంట మట్టి మెత్తిన. గోడ మీద బొగ్గుతోని గీసుకున్న బొమ్మల కారు ముద్దుగ ఉండేది. మట్టిల మాత్రం ఒక దిక్కు చెంప ఉబ్బి, ఇంకో దిక్కు పీక్కుపోయి, పంటినొప్పి వచ్చిన మొకం లెక్క అయింది. చెక్కిన, మెత్తిన, మళ్ల చెక్కిన. ఒకనాడు విసుగొచ్చి మట్టి చేతులు ఒళ్లె పెట్టుకొని కూసున్న. అవ్వ బోళ్లు తోముకొని కొంగుకు చేతులు తుడుచుకుంట వచ్చి, "జరుగు" అన్నది. పలుచటి మట్టి కలుపుకొని, అరచెయ్యి తడి చేసి, వాకిలి అలికినట్టు, మోచెయ్యి నుంచి చెయ్యి తిప్పుకుంట ఒక్క తీరుగ రాసుకుంట పోయింది. ఆమె చెయ్యి పోయిన కాడ ఎగుడు దిగుడు లేకుండ అయింది. "కండ్లు మూసుకొని నిమురు, ఎక్కడ లేచిందో తెలుస్తది" అన్నది. నేను కండ్లు మూసుకున్న. మట్టి చల్లగ, ఆమె చేతి కిందనే నా చెయ్యి. ఇద్దరం కలిసి ఆ మొకాన్ని ఎన్ని దినాలు నిమిరినమో. మా అవ్వ నా నెత్తి గూడ అంత సేపు ఎన్నడు దువ్వలే. ఆమెకు తీరిక ఎక్కడిది?

మట్టి ఎండినంక మీద అవ్వ చేతితోనే ప్లాస్టర్ పూత, దాని మీద రంగు, దాని మీద మైనం. ఈసారి మైనం అవ్వ నా పక్కన నిలవడి రుద్దిపిచ్చింది. మొదటిసారి రెజిన్ ఎండల కలిపిన. సగం పూయకముందే మగ్గుల పొగ లేచి, కుతకుతమని రాయైంది. భయపడ్డ. గట్టివడేటట్టు చేసే మందు ఎక్కువైందనుకొని, రెండోసారి సగమే పోసిన. ఆ దినం మబ్బు గూడ పట్టింది. ముందర మొకమంత నార పరిచి, పొడిచి పొడిచి, నడుము పడిపోయేదాక చేసి పండుకున్న. తెల్లారి చూస్తే ఎండలే. ఆ మర్నాడు గూడ ఎండలే. చెయ్యి వెడితే బెల్లం పాకం లెక్క అంటుకుంటున్నది. మామ తెచ్చిన నారల సగం దాని మీదనే ఉన్నది. బడి తెరిచే దినం దగ్గరికొచ్చింది. కర్ర పారేసి మట్టిల కూసొని ఏడ్చిన. "నాకు కొలువద్దు బాపూ. నేను యాడికి పోను. ఇంట్లనే ఉంట" అని జామచెట్టు దిక్కు ఒర్లిన.

బాపు వచ్చిండు. అవ్వ వద్దంటున్నా వచ్చిండు. మొకానికి తువ్వాల చుట్టుకొని, చేతిల రెండు గీకుడు పట్టీలు పట్టుకొని, నా పక్కన కూసున్నడు. ఏడువకు అనలే, ఏం గాదు అని గూడ అనలే. ఒక పట్టీ నా చేతికిచ్చి, "గీకుదాం" అన్నడు. పచ్చి రెజిన్, నార కలిసి పేలికలు పేలికలుగ ఊడివస్తున్నయి. కొంచెం సేపైనంక ఆయన దమ్ము గుర్రుమనుడు మొదలైంది. "నువ్వు పో బాపూ, నేను గీకుత" అన్న. ఆయన పట్టీ ఆపకుండనే చెప్పిండు. "రైలుగేటు కాడ నా ఊపిరి నువ్వు ఇంటవని నాకు తెలుసు బిడ్డా. దిగుత దిగుత అంటవు. నేను దింపలే. ఎందుకంటే దిగితే నువ్వు నిలవడెతందుకు తావు లేకుండె. ఇగ ఆ తావు చెయ్యాలె. నేను ఉన్నప్పుడే చెయ్యాలె." కండ్లు తుడుచుకుందామంటే చేతుల నిండ రెజిన్. అవ్వ వచ్చి తన కొంగుతోని ఇద్దరి మొకాలు తుడిచి, బాపును రెక్క పట్టి లేపుకపోయింది. ఆయన పట్టీ తీసుకొని ఆమె వచ్చి కూసున్నది.

అచ్చు మొత్తం మళ్ల తుడిచి, మళ్ల మైనం రుద్దినం. హైదరాబాద్ నుంచి కొత్త నార తెప్పిచ్చిండు బాపు. ఈసారి మబ్బు లేని పొద్దు చూసి, మందు మామ చెప్పిన కొలతకు తగ్గకుండ పోసి, కొంచెం కొంచెమే కలుపుకున్న. మధ్యాహ్నానికి గోరుతోని కొడితే టంగుమన్నది. ఆ చప్పుడు జామచెట్టు కాడికి ఇనవడ్డట్టున్నది, బాపు లేచి నిలవడ్డడు. ఊడదీసే నాడు కాలనీవాళ్లు వచ్చి తలా ఒక అంచు పట్టుకున్నరు. నాకైతే గంజే కండ్లల్ల మెదులుతున్నది. ఒక దిక్కు ఫట్ మన్నది, అటెనుక ఇంకో దిక్కు. పెద్ద గుల్ల మట్టిని ఇడిసి గాలిల లేచింది. బరువుంటదని బలం పెట్టినోళ్లందరు ఎనుకకు తూలి నవ్విండ్రు. అది అంత తేలికగున్నది. లోపలి దిక్కు అద్దం తీరు నునుపు, ఆ నునుపు మీద అవ్వ చెయ్యి తిరిగిన వంపులు సన్నగ అచ్చుపడి ఉన్నయి. పైదిక్కు మాత్రం గరుకు. మీది కప్పును గూడ గట్లనే తీసి, ఎండకాలం మిగిలిన దినాలన్ని గరుకు కాయితంతోని నీళ్లు పోసుకుంట రుద్దుడే నా పని. రంగు ఏది అంటే అవ్వ పసుపే అన్నది. "గడపకు పూస్తం, కొత్త బండికి పుయ్యమా?"

బడి తెరిచిన నాడు బాపు నా పక్కన కూసొని వచ్చిండు. రైలుగేటు ఎక్కుడు కాడ ఇంజను ఏడ్చింది గని ఎక్కింది. పెద్ద టీచరమ్మ బయటికొచ్చి కారు చుట్టు తిరిగి, "లోపలికి నడువు తల్లీ, గంట కొట్టిండ్రు" అన్నది గంతే. ఆ కారుకు కాగితాలు పుట్టలే. పెద్ద రోడ్డు ఎక్కలే. కాలనీ తొవ్వలల్ల, బడి తొవ్వల మాత్రం నాకు సర్కారు కొలువొచ్చి కరీంనగర్ పోయేదాక నడిచింది. బాపు ఇప్పుడు లేడు. అవ్వ ఆయన ఎనుకనే పోయింది. చేతి బ్రేకు ఉన్న కారు ఇప్పుడు దుకాణంల అడిగితే బిగించి ఇస్తరు. నాది గూడ గసొంటిదే. చల్లటి గాలి వస్తది, ఏ వాసన రాదు, నేను ఏడున్ననో నా బిడ్డ హైదరాబాద్‌ల కూసొని ఫోన్ల చూసుకుంటది. జర సేపు ఎక్కడన్న ఆగితే, "ఏమైందమ్మా, అక్కడెందుకున్నవ్?" అని ఫోన్ వస్తది. అది ప్రేమనే, కాదని ఎట్లంట. కాని ఆ ఫోన్ మోగినప్పుడల్ల నాకు ఒక సాయంత్రం యాదికొస్తది.

బడి తెరిచి ఇంకా కొద్ది దినాలే. బాపుకు డ్యూటీ ఉండి, నేనొక్కదాన్నే వస్తున్న. ఇంటికి మలిగే కాడ మలగలే. ఎందుకో తెల్వదు, హ్యాండిలు సక్కగ పట్టిన. కాలనీ దాటి, కట్టె కొట్టే మిల్లు దాటి, జొన్న చేండ్ల కాడికి పోయి ఇంజను బంద్ చేసిన. గప్పుడు వాన అందుకున్నది. నా మీద చుక్క పడలే. గుల్ల మీద టపటపమని కొడుతున్నది, ముందటి అద్దంల చేండ్లు కనిపించుడు బందయింది. అప్పటిదాక నా బతుకుల నేను ఒక్కదాన్నే ఏడా ఉండలే. ఎక్కడికి పోయినా నన్ను ఎవరో తీసుకపోయిండ్రు, ఎవరో తీసుకొచ్చిండ్రు. ఎవ్వరూ లేని జాగ ఎట్లుంటదో నాకు తెల్వదు. ఊకె కూసున్న. చేతులు ఒళ్లె పెట్టుకొని, వాన ఆగేదాక, ఆగినంక గూడ కొంచెం సేపు.

ఇంటికొచ్చేసరికి అవ్వ గేటు కాడ నిలవడ్డది. బాపు డ్యూటీ దిగి వచ్చి అరుగు మీద ఉన్నడు.

"ఎక్కడికి పోయినవే?" అన్నది అవ్వ.

"ఎక్కడికి పోలే."

"మరి ఎవరితోని ఉన్నవ్ ఇంత సేపు?"

"ఎవ్వరితోని లేను అవ్వా."

అవ్వకు సమజ్ కాక బాపు దిక్కు చూసింది. ఆయన నన్ను చూస్తున్నడు. అరుగు దిగి దగ్గరికొచ్చి, తడిసిన కప్పు మీద చెయ్యి ఆనించి, మెల్లగ అడిగిండు.

"బాగుండెనా బిడ్డా?"

"బాగుండె బాపూ" అన్న.